అదే ఆర్‌పీఎం దగ్గర ఎనిమిది నాట్లు తగ్గితే ముందు ఇంజిన్ విప్పకండి

చదివే మిగతావారికి కూడా తెలియాలి కాబట్టి మీ సమస్యను ముందు క్లుప్తంగా చెబుతాను. డాలస్ దగ్గర మీరూ, మీ మిత్రుడూ కలిసి కొనుక్కున్న 1978 నాటి సెస్నా 172ఎన్ అనే నాలుగు సీట్ల చిన్న విమానం మీది. వార్షిక తనిఖీకి ముందు 5,500 అడుగుల ఎత్తులో 2,500 ఆర్‌పీఎం (ప్రొపెల్లర్ నిమిషానికి తిరిగే చుట్లు) పెడితే నిజ వాయువేగం (చుట్టూ ఉన్న గాలితో పోల్చిన అసలు వేగం) 112 నాట్లు (గంటకు 112 నాటికల్ మైళ్లు) వచ్చేది. తనిఖీ అయ్యాక అదే ఎత్తులో, అదే ఆర్‌పీఎం దగ్గర 104 దాటడం లేదు. గాలి ఫిల్టర్ కొత్తది, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేశారు, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే మాగ్నెటోల పరీక్ష బాగానే ఉంది. ఒక సిలిండర్ కంప్రెషన్ 62/80 (80 ఒత్తిడితో గాలి ఇస్తే లోపల 62 మాత్రమే నిలవడం) రావడంతో దాన్ని తీసి బాగుచేయిద్దామని మెకానిక్ అంటున్నారు. ఇక చివర్లో, అప్పుడే గుర్తొచ్చినట్టు రెండు వాక్యాలు రాశారు: ప్రొపెల్లర్‌కు గాట్లు పడితే విప్పి వర్క్‌షాప్‌కు పంపించారని, టేకాఫ్ మాత్రం ఇదివరకటి కంటే చురుగ్గానే ఉందని.

ఆ రెండు వాక్యాలతోనే మీ ప్రశ్న మొదలుకావాల్సింది. సిలిండర్ పని ప్రస్తుతానికి ఆపించండి.

ఎందుకో చెబుతాను. మీ విమానానికున్నది స్థిర పిచ్ ప్రొపెల్లర్. దాని రెక్కల కోణం గాలిలో మారదు. అలాంటి ప్రొపెల్లర్‌కు ఒక ఆర్‌పీఎం దగ్గర, ఒక వేగం దగ్గర ఎంత శక్తి కావాలో, అది ఎంత థ్రస్ట్ (ముందుకు లాగే బలం) ఇస్తుందో ముందే ఖరారై ఉంటుంది. ఇంజిన్ నీరసించిందనే అనుకుందాం. అప్పుడు 2,500 చేరడానికి థ్రాటిల్‌ను ఇదివరకటి కంటే ఇంకాస్త ముందుకు తోయాల్సి వస్తుంది. పూర్తిగా తోసినా ఇదివరకు అందిన ఆర్‌పీఎం అందదు. అంతవరకే. 2,500 చేరాక మాత్రం, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ తిప్పిన 2,500కూ, నీరసించిన ఇంజిన్ తిప్పిన 2,500కూ తేడా లేదు. తనను తిప్పుతున్నది ఎలాంటి ఇంజినో ప్రొపెల్లర్‌కు తెలియదు. విమానం అదే, బరువు అదే, ఎత్తు అదే అయితే వేగమూ అదే రావాలి.

కాబట్టి ‘అదే ఆర్‌పీఎం, తక్కువ వేగం’ అన్న ఫిర్యాదులోంచి ఇంజిన్ ఆరోగ్యం దానంతట అదే పక్కకు తప్పుకుంటుంది. మిగిలేవి నాలుగు. వేగం చూపే డయల్ తప్పు చెబుతుండాలి. లేదా ఆర్‌పీఎం చూపే డయల్ తప్పు చెబుతుండాలి. లేదా ప్రొపెల్లర్ మారి ఉండాలి. లేదా విమానానికి గాలి నిరోధం పెరిగి ఉండాలి. ఇందులో మొదటి మూడూ దాదాపు ఖర్చు లేకుండా తేలిపోతాయి.

వేగం డయల్‌తో మొదలుపెట్టండి. పొద్దున్నే, గాలి ఇంకా కుదురుగా ఉన్నప్పుడు ఎగరండి. టెక్సస్‌లో వేసవి మధ్యాహ్నం ఈ పరీక్ష చేయడం దండగ. 5,500 అడుగుల దగ్గర 2,500 పెట్టి, వేగం పూర్తిగా స్థిరపడేవరకు ఆగండి. చాలామంది రెండు నిమిషాలకే తొందరపడి అంకె రాసుకుంటారు. ఈ విమానం ఆఖరి రెండు మూడు నాట్లు అందుకోవడానికి చాలాసేపు తీసుకుంటుంది. తరువాత 360, 120, 240 డిగ్రీల దిశల్లో ఒక్కొక్కటిగా నడిపి, ప్రతి దిశలోనూ జీపీఎస్ చూపే భూమి మీది వేగం రాసుకోండి. మూడింటి సగటు తీస్తే దాదాపు మీ నిజ వాయువేగం వస్తుంది. గాలి 20 నాట్లతో వీస్తున్నా ఈ సగటు ఒక నాటు మాత్రమే ఎక్కువ చూపుతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవాల్సింది ఎత్తును. పూర్తి బరువు 2,300 పౌండ్లతో ఉన్న విమానం నిమిషానికి 100 అడుగుల చొప్పున దిగుతోందంటే దానికి సుమారు 7 హార్స్‌పవర్ ఉచితంగా అందుతున్నట్టు లెక్క. అలాగే కిందికి దిగే గాలిలో ఎత్తు నిలబెట్టుకుంటూ ఎగిరితే అదే 7 హార్స్‌పవర్ పోగొట్టుకుంటారు. ఆటోపైలట్ ఉన్నా సరే, వర్టికల్ స్పీడ్ ముల్లు మీద ఒక కన్ను ఉంచండి.

సగటు 112 దగ్గరికి వస్తే వేగం ఎక్కడికీ పోలేదు, డయలే తప్పు. అప్పుడు ఎదురుగా వచ్చే గాలి ఒత్తిడిని డయల్‌కు చేర్చే పిటో గొట్టం వైపు వెళ్లండి. వార్షిక తనిఖీలో ప్యానెల్ వెనక ఎవరో ఏదో విప్పి బిగించే ఉంటారు. పిటో గొట్టం కలిసేచోట కాస్త గాలి కారినా డయల్ తక్కువ చూపుతుంది. చుట్టూ ఉన్న గాలి మామూలు ఒత్తిడిని తెచ్చే స్టాటిక్ వైపు క్యాబిన్ లోపల కారితే మాత్రం ఇలాంటి విమానాల్లో సాధారణంగా ఎక్కువ చూపుతుంది, కాబట్టి మీ ఫిర్యాదుకు అది సరిపోదు. ఇక్కడ ఒక సంగతి చాలామంది యజమానులు గమనించరు. ఇన్‌స్ట్రుమెంట్ నియమాల కింద (బయట కనబడకపోయినా పరికరాల ఆధారంగా) ఎగిరేవారికి అమెరికాలో 24 నెలలకోసారి జరిగే తప్పనిసరి పరీక్ష ఆల్టీమీటర్‌కూ, స్టాటిక్ వ్యవస్థకూ, ఎత్తును తనంతట తాను పంపే పరికరానికీ సంబంధించినది. పిటో వైపు అందులో లేదు. ‘మొన్ననే సర్టిఫై చేయించాం’ అన్న మాట వేగం డయల్‌కు హామీ కాదు.

దాన్ని హ్యాంగర్‌లోనే పరీక్షించవచ్చు. పారదర్శకమైన సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని ఆంగ్ల యూ ఆకారంలో ఒక చెక్కకు బిగించి, రంగు కలిపిన నీళ్లు సగం వరకు పోయండి. ఒక కొసను మూడు దారుల కలుపుతో పిటోకూ, ఒక పెద్ద సిరంజికీ కలపండి. పిటోకు నీరు కారే రంధ్రం ఉంటే టేపుతో మూయండి. సిరంజిని మెల్లగా, చాలా మెల్లగా నొక్కండి. రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడా 165 మిల్లీమీటర్లు అయినప్పుడు డయల్ 100 నాట్లు చూపాలి. 238 మిల్లీమీటర్లు అయితే 120 చూపాలి. అక్కడ ఆపి ఒక నిమిషం చూడండి. నీటి మట్టం, ముల్లు రెండూ కలిసి జారుతుంటే ఎక్కడో గాలి కారుతోంది. రెండూ కదలకుండా నిలిచి, ముల్లు మాత్రం తక్కువ అంకె చూపుతుంటే డయల్‌కే మరమ్మతు కావాలి. నోటితో ఊదడం మాత్రం వద్దు, లోపలి పొర అంత ఒత్తిడిని తట్టుకోలేదు. వదిలేటప్పుడు కూడా గభాలున వదలకండి. ఈ పనిని మీ మెకానిక్ ఎదుటే చేయండి.

తరువాత టాకోమీటర్, అంటే ఆర్‌పీఎం చూపే డయల్. ఆ కాలపు 172లో ఉండేది కేబుల్‌తో తిరిగే యాంత్రిక పరికరం. లోపలి అయస్కాంతం వయసుతో బలహీనపడి తక్కువ చూపడం మామూలు. ఎక్కువ చూపేవీ ఉంటాయి. మీది ఎక్కువ చూపుతోందనుకోండి: మీరు 2,500 అనుకుంటున్నది నిజానికి 2,400. ఈ విమానంలో క్రూయిజ్ దగ్గర 100 ఆర్‌పీఎంకు సుమారు 5 నాట్లు. మీ ఎనిమిదిలో అయిదు అక్కడే తేలిపోతాయి. తనిఖీలో టాకోమీటర్‌నో దాని కేబుల్‌నో మార్చారేమో లాగ్‌బుక్‌లో చూడండి.

చేత్తో పట్టుకునే ఆప్టికల్ టాకోమీటర్ ఉంటే మంచిదే. లేకపోతే రాత్రిపూట ర్యాంపు (విమానాలు నిలిపే చోటు) మీద పాతకాలపు సోడియం దీపమో, ట్యూబ్‌లైటో ఉన్నచోటికి వెళ్లండి. ముందు ఎవరూ లేరని చూసుకుని, బ్రేకులు నొక్కి పట్టి, కాక్‌పిట్‌లోంచి తిరుగుతున్న ప్రొపెల్లర్ గుండా ఆ దీపం వైపు చూడండి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి ఆ దీపం సెకనుకు 120 సార్లు మెరుస్తుంది. థ్రాటిల్ మెల్లగా పెంచుతూ పోతే సరిగ్గా 1,800 దగ్గర మీ రెండు రెక్కల ప్రొపెల్లర్ నాలుగు రెక్కలతో గాలిలో నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. ఆ క్షణంలో టాకోమీటర్ ఎంత చూపుతోందో చూడండి, అది 1,800కు ఎంత దూరంలో ఉందో అదే దాని తప్పు. ఇంజిన్ సహకరిస్తే 2,400 దగ్గర ఆరు రెక్కలు నిలబడతాయి. హైదరాబాద్ నాదర్‌గుల్‌లోనో మరోచోటో శిక్షణ పొందుతున్నవాళ్లు ఇది చదువుతుంటే, మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ అంకెలు 1,500, 2,000 అవుతాయి. కొత్త ఎల్‌ఈడీ దీపాల్లో చాలావాటితో ఈ చిట్కా పనిచేయదు. అప్పుడు ఫోనులో శబ్దాన్ని విశ్లేషించే యాప్ పెట్టి క్రూయిజ్‌లో రికార్డు చేయండి. నిజమైన 2,500 దగ్గర 83 హెర్ట్జ్ చుట్టూ పెద్ద శిఖరం కనబడాలి. 80 దగ్గర కనబడితే మీరు తిప్పుతున్నది 2,400.

ఇక ప్రొపెల్లర్. నా అనుమానం అంతా దీని మీదే.

స్పిన్నర్ తీసి హబ్ మీద పోటు వేసిన అంకెలు చదవండి. 172ఎన్‌కు మామూలుగా వచ్చే మెకాలీ ప్రొపెల్లర్ మోడల్ సంఖ్య చివర 7557 అని ఉంటుంది. 75 అంగుళాల వ్యాసం, 57 అంగుళాల పిచ్. గాలి జారుడు లేకుండా ఒక చుట్టు తిరిగితే ఎంత ముందుకు సాగాలో చెప్పేదే పిచ్. లెక్క మీరే వేసి చూడండి. నిమిషానికి 2,500 చుట్లు, చుట్టుకు 57 అంగుళాలు, ఒక నాటికల్ మైలుకు సుమారు 72,913 అంగుళాలు: గంటకు 117 నాట్లు. అదే 53 అంగుళాల పిచ్ అయితే 109. సరిగ్గా మీరు పోగొట్టుకున్న ఎనిమిది. నిజమైన ప్రొపెల్లర్ ఈ జ్యామితిని అచ్చంగా పాటించదు, కాబట్టి మీది 53కే మారిందని నేను అనను. కానీ పిచ్ తగ్గినప్పుడు విమానం ఎలా ప్రవర్తిస్తుందో చూడండి: అదే ఆర్‌పీఎం దగ్గర వేగం పడిపోతుంది, టేకాఫ్‌లో ఇంజిన్ చలాకీగా పైకి లేస్తుంది, ఎగబాకడం మెరుగవుతుంది. మిట్ట ఎక్కడానికి సైకిల్‌ను చిన్న గేరులోకి మార్చినట్టు. మీరు రాసిన లక్షణాలు ఇవే.

పరికరాలు తప్పయితే టేకాఫ్ చురుగ్గా అనిపించదు. గాలి నిరోధం పెరిగితే అసలే అనిపించదు. అందుకే ఆ ఒక్క వాక్యం నాకు మిగతా ఉత్తరమంతటికంటే విలువైనదిగా తోచింది.

దీన్ని రుజువు చేయడానికి నేల మీద స్థిర ఆర్‌పీఎం పరీక్ష (విమానం కదలకుండా గరిష్ఠంగా ఎంత ఆర్‌పీఎం వస్తుందో చూడటం) చేయండి. ఎదురుగాలి లేని సమయంలో, కంకర లేని శుభ్రమైన చోట, బ్రేకులు పట్టి థ్రాటిల్ పూర్తిగా తోయండి. కార్బురేటర్‌కు వేడి గాలి పంపే కార్బురేటర్ హీట్ మూసి ఉండాలి, మిక్స్చర్‌లో ఇంధనం పాలు తగ్గిస్తూ గరిష్ఠ ఆర్‌పీఎం వచ్చేలా సన్నం చేయాలి. 172ఎన్ హ్యాండ్‌బుక్ ప్రకారం 2,280 నుంచి 2,400 మధ్య రావాలి. ఇందాక కనిపెట్టిన టాకోమీటర్ తప్పును ఇందులో సర్దుబాటు చేయడం మరవకండి. 2,400 దాటితే పిచ్ తగ్గిందని దాదాపు ఖాయం. 2,280 కంటే తక్కువైతే నా అనుమానం వీగిపోయినట్టే, ఇంజిన్ వైపు చూడాల్సిందే. మధ్యలో వస్తే సంబరపడిపోకండి: పిచ్ తగ్గిన ప్రొపెల్లర్, కాస్త నీరసించిన ఇంజిన్ రెండూ కలిస్తే ఒకదాని లోపాన్ని మరొకటి కప్పిపుచ్చి మామూలు అంకెనే చూపిస్తాయి. అప్పుడు వర్క్‌షాప్ ఇచ్చిన కాగితాలు అడగండి. రెక్క పొడవునా వేర్వేరు చోట్ల కొలిచిన కోణాలు వాళ్ల దగ్గర ఉండి తీరాలి. గాట్లు తీయడానికి రెక్క అంచును అరగదీయడం, వంపు సరిచేయడం, కొసలు కాస్త కోయడం, వీటన్నింటికీ పరిమితులు ఉన్నాయి. వ్యాసం తగ్గినా ఇదే లక్షణం కొంతమేరకు కనిపిస్తుంది.

ఇది వేగం గురించిన విషయం మాత్రమే కాదు. పిచ్ తగ్గిన ప్రొపెల్లర్‌తో సమతలంగా ఎగురుతూ థ్రాటిల్ పూర్తిగా తోస్తే ఇంజిన్ 2,700 ఎర్రగీతను (అనుమతించిన గరిష్ఠ ఆర్‌పీఎంను) సులువుగా దాటుతుంది. తేలేవరకు ఆ గీత మీద దృష్టి ఉంచండి.

గాలి నిరోధం సంగతి త్వరగా ముగిస్తాను. అదే ఆర్‌పీఎం దగ్గర 112 నుంచి 104కు పడాలంటే నిరోధం తక్కువలో తక్కువ 16 శాతం పెరగాలి. అంత పెరిగితే కంటికి కనబడకుండా పోదు. చక్రాల కవర్లు మూడూ తీసేసినా పోయేది సుమారు రెండు నాట్లేనని హ్యాండ్‌బుక్కే చెబుతోంది. ఇక మైనం రుద్దితే అయిదు నాట్లు వచ్చాయని చెప్పేవాళ్లను చిరునవ్వుతో సాగనంపండి. అయినా తనిఖీ తర్వాత కాబట్టి కొన్ని చూడాలి. ఫ్లాపులు (దిగేటప్పుడు రెక్క వెనక కిందికి దించే పలకలు) పూర్తిగా పైకి వెళ్తున్నాయా? పై పరిమితి స్విచ్ సరిగా అమర్చకపోతే కొద్దిగా వేలాడుతూ ఉండిపోతాయి. గాలిలో కిటికీలోంచి చూస్తే ఫ్లాపు వెనక అంచు, ఎయిలెరాన్ (రెక్క కొస దగ్గరి కదిలే పలక) వెనక అంచు ఒకే వరసలో కనబడాలి. విమానం పక్కకు జారుతోందో లేదో చూపే పరికరంలోని బంతి మధ్యలో ఉందా? ముందు చక్రం స్ట్రట్‌లో (కుదుపులు తట్టుకునే కాలులో) గాలి తక్కువగా ఉంటే ఎగిరాక అది పూర్తిగా సాగదు, చక్రం నిటారుగా లాక్ కాదు, విమానం కాస్త పక్కకు తిరిగి ఎగురుతుంది. చక్రాల కవర్లు తిరిగి బిగించేటప్పుడు ముక్కు పైకో కిందికో పెట్టారేమో చూడండి. చల్లటి గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రబ్బరు బాఫిల్ సీళ్లు కౌలింగ్ (ఇంజిన్ మూత) మూసేటప్పుడు వెనక్కి మడతపడ్డాయేమో కూడా. వాటివల్ల వేగం పోయేది కొద్దిగానే అయినా సిలిండర్లు వేడెక్కుతాయి.

బరువు, గురుత్వ కేంద్రం: వెనక సీట్లు ఖాళీగా, ముందు ఇద్దరు పెద్దమనుషులతో ఎగిరితే తోక కిందికి ఎక్కువ నొక్కాలి, అందుకు ఒకటో రెండో నాట్లు చెల్లించాలి. పోల్చేటప్పుడు రెండుసార్లూ ఒకే లోడు ఉండేలా చూసుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ వాదన అంతా స్థిర పిచ్ ప్రొపెల్లర్‌కే. సెస్నా 182, మూనీ లాంటివి నడిపేవాళ్లు దీన్ని యథాతథంగా తీసుకోకూడదు. వాటిలో గవర్నర్ అనే పరికరం ప్రొపెల్లర్ రెక్కల కోణం మార్చి ఆర్‌పీఎంను నిలబెడుతుంది, కాబట్టి ఇంజిన్ ఎంత నీరసించినా టాకోమీటర్ ముల్లు కదలదు, మానిఫోల్డ్ ప్రెషర్ (సిలిండర్లలోకి వెళ్లే గాలి ఒత్తిడి) కూడా మామూలుగానే ఉంటుంది. రోగం వేగంలోనే, ఎగబాకే రేటులోనే బయటపడుతుంది. శక్తి వేగపు ఘనానికి అనుపాతంలో ఉంటుందన్న మోటు లెక్క ప్రకారం 8 శాతం వేగం పోవాలంటే 22 శాతం శక్తి పోవాలి. అంత పోతే ఎగబాకే రేటు సగానికి పడిపోవచ్చు. వేగం తగ్గి, ఎగబాకడం మాత్రం బాగానే ఉంటే నిరోధమో, డయలో. రెండూ తగ్గితే ఇంజిన్.

అలాంటి ఇంజిన్‌లో నేను మొదట చూసేవి రెండు. ఒకటి మఫ్లర్: లోపలి రేకులు విరిగి దారికి అడ్డంపడితే పొగ బయటికి పోలేక శక్తి పడిపోతుంది, అదీ ఒకరోజు ఉండి, మరోరోజు లేకుండా. టార్చి వేసి గొట్టంలోకి చూస్తే తెలుస్తుంది. రెండోది వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్. దాని లోబులు (ఉబ్బెత్తు భాగాలు) అరిగితే వాల్వులు పూర్తిగా తెరుచుకోవు. కంప్రెషన్ పరీక్ష వాల్వులు మూసి ఉన్నప్పుడు చేసేది కాబట్టి అందులో ఇది పట్టుబడదు. నాలుగు సిలిండర్లూ 76, 78 చూపిస్తూనే ఇంజిన్ నీరసంగా ఉండవచ్చు. రాకర్ కవర్లు తీసి ప్రతి వాల్వు ఎంత లేస్తోందో డయల్ ఇండికేటర్‌తో కొలవాలి. మీ 172ఎన్‌లోని ఓ-320-హెచ్2ఏడీ ఇంజిన్‌కు కామ్, దాని కదలికను వాల్వులకు అందించే టాపెట్ల విషయంలో మొదటినుంచీ మంచి పేరు లేదు. కాబట్టి మీ సమస్యతో సంబంధం లేకపోయినా, ఆయిల్ ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ కోసి, మడతల్లో లోహపు తునకలు ఉన్నాయేమో చూడటం అలవాటు చేసుకోండి.

మీ 62/80 సంగతి. నాకు నచ్చే అంకె కాదు. కానీ ఒక్క కొలతతో సిలిండర్ తీయను. గాలి ఎటు పోతోందో చెవి పెట్టి వినండి. ఎగ్జాస్ట్ గొట్టంలో బుసమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే గొట్టంలో వినబడితే పిస్టన్ రింగులు, కార్బురేటర్ వైపు అయితే ఇన్‌టేక్ వాల్వు. రింగులే అయితే కొన్ని గంటలు ఎగిరాక, ఇంజిన్ వేడిగా ఉండగా మళ్లీ కొలవండి. చాలాసార్లు అంకె పెరుగుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు అయితే బోరోస్కోపుతో (లోపలికి దూర్చే సన్నటి కెమెరాతో) వాల్వు ముఖం చూడాలి. ఒక పక్కగా కాలిన గుర్తు ఉంటే ఆ సిలిండర్ తీయాల్సిందే, అప్పుడు మీ మెకానిక్ మాటే సరైనది. అయితే అది వేరే ఖాతా. ఆ సిలిండర్ మార్చినంత మాత్రాన 104 మళ్లీ 112 కాదని ఆయనకు ముందే చెప్పండి, బిల్లు వచ్చాక వాదన లేకుండా.

హబ్ మీద 7557 కాకుండా వేరే సంఖ్య ఉన్నా, కాగితాల్లో కోణాలు తేడాగా ఉన్నా, పాత వేగం కావాలంటే ప్రొపెల్లర్‌ను తిరిగి పంపాల్సిందే. అల్యూమినియం ప్రొపెల్లర్ పిచ్ మార్చే అధికారం హ్యాంగర్ మెకానిక్‌కు లేదు, అనుమతి ఉన్న ప్రొపెల్లర్ రిపేర్ స్టేషన్‌లోనే జరగాలి. మీ విమానం టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ డిజైన్‌కు ప్రభుత్వం ఇచ్చిన ఆమోదం) ఎలాంటి ప్రొపెల్లర్‌ను అనుమతిస్తుందో కూడా వాళ్లతోనే రాతపూర్వకంగా రాయించుకోండి. మీ ప్రొపెల్లర్ ఆ అనుమతికి లోబడే ఉండి, మీరు ఎక్కువగా చిన్న రన్‌వేల మీద దిగేవారైతే, దాన్ని అలాగే ఉంచుకోవడమూ తప్పు కాదు. మీరూ మీ భాగస్వామీ కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి అది. ముందు మూడు దిశల జీపీఎస్ అంకెలు, నిజమైన స్థిర ఆర్‌పీఎం, హబ్ మీది సంఖ్య ఇక్కడ రాయండి.